నాలుగేళ్ల పిల్లాడు అబద్ధాలాడితే కంగారు పడాలా?

మావాడు నాలుగేళ్లకే అబద్ధాలు మొదలుపెట్టాడు, చెడిపోతున్నాడా అని మీరు అడిగారు. లేదండీ, ఆ వయసులో అది బుర్ర ఎదుగుతోందనడానికి గుర్తు. అబద్ధమాడాలంటే, నాకు తెలిసింది అమ్మకు తెలియదు అన్న సంగతి పిల్లాడికి ముందు అర్థం కావాలి, నోటిదాకా వచ్చిన నిజాన్ని ఆపుకోవాలి, అల్లిన కథను మర్చిపోకుండా ఉండాలి, ఇదంతా చిన్న పనేం కాదు.

దీని మీద ఒక పాత ప్రయోగం ఉంది. పిల్లల వెనక బొమ్మ పెట్టి, తిరిగి చూడొద్దని చెప్పి పరిశోధకులు గదిలోంచి వెళ్లిపోతారు. చాలామంది చూసేస్తారు, అడిగితే చూడలేదంటారు. సరే, అదేం బొమ్మో ఊహించు అంటే చిన్నవాళ్లు ఠక్కున పేరు చెప్పి దొరికిపోతారు (భలే నవ్వొస్తుంది), ఆరేడేళ్ల వాళ్లలో మాత్రం దాదాపు సగం మంది ఏమీ తెలియనట్టు నటిస్తారు.

కొడితే మానతారనుకోవద్దు. విక్టోరియా తల్వార్, కాంగ్ లీ అనే మనస్తత్వ పరిశోధకులు పశ్చిమ ఆఫ్రికాలో రెండు బడుల పిల్లల్ని పోల్చి 2011లో ప్రచురించిన పరిశోధనలో, కఠినంగా దండించే బడి పిల్లలే ఎక్కువగా అబద్ధం చెప్పారు, పైగా దొరక్కుండా నెట్టుకురావడంలో కూడా వాళ్లే ముందున్నారు. దానికంటే, అడిగే ముందు 'నిజమే చెబుతానని మాటివ్వు' అనడం కొంత పనిచేస్తుంది. వాడే చేశాడని తెలిసి కూడా 'ఎవరు చేశారు' అని ఇరికించే ప్రశ్న వేయకండి, నా దృష్టిలో సగం అబద్ధాలు మనం పుట్టించేవే.

మీవాడు బడి వయసులో కూడా తరచూ, ఇతరులకు నష్టం కలిగేలా చెబుతుంటే అప్పుడు సైకాలజిస్టుకు చూపించండి.