సెప్టిక్ ట్యాంకు ఎయిర్ పంపు ఆగిపోతే పంపే మార్చాలా?

తిరుపతిలో ఇంటి ఏరోబిక్ (గాలి సాయంతో మురుగును శుద్ధి చేసే) సెప్టిక్ ట్యాంకుకు గాలి కొట్టే డయాఫ్రమ్ పంపు ఆగితే, వెంటనే కొత్తది కొనేయకండి. చాలాసార్లు చిరిగేది లోపల ఆడుతూ గాలిని నెట్టే రబ్బరు పొర, అంటే డయాఫ్రమ్. అప్పుడు డయాఫ్రమ్‌లను ఆడించే అయస్కాంతాల కడ్డీ పక్కకు జరిగి, సేఫ్టీ స్విచ్ పంపును ఆపేస్తుంది.

ప్లగ్గు పీకి, మూత విప్పండి. మోడల్ నంబరు చూసి డయాఫ్రమ్ కిట్ తెచ్చి, రెండు వైపులా డయాఫ్రమ్‌లు ఒకేసారి మార్చండి. ఒక్కటే మారిస్తే కొత్తదీ త్వరగా పోతుంది. కడ్డీ కాయిళ్లకు (తీగ చుట్టలకు) తగలకుండా మధ్యలో నిలిచాకే స్విచ్ సరిచేయండి. కాయిల్ నల్లబడి మాడు వాసన వస్తే మాత్రం పంపు మార్చడమే మేలు.

పంపు నడుస్తున్నా గాలి తక్కువైతే ఫిల్టర్ స్పాంజి కడిగి ఆరబెట్టండి. మన ఎండాకాలం దుమ్ముకు అది తొందరగా పూడుతుంది. అయినా వేడెక్కుతుంటే పైపు ఊడదీసి నడపండి. గాలి బాగా వస్తే అడ్డు పైపులోనో, ట్యాంకులో గాలిని బుడగలుగా వదిలే డిఫ్యూజర్‌లోనో ఉంది.