ఎంబీఏ అయ్యాక ప్రొడక్ట్ మేనేజర్ ఉద్యోగం: నల్గొండ నుంచి ఎట్లా మొదలుపెట్టాలి?

మీరు అడిగింది ఇది: బీకాం చదివి నల్గొండలో ఎంబీఏ మార్కెటింగ్ ఆఖరి సెమిస్టర్‌లో ఉన్నారు, కోడింగ్ రాదు, ప్రొడక్ట్ మేనేజర్ (యాప్ లాంటి ప్రొడక్ట్‌లో ఏం కట్టాలో, ఏది ముందో తేల్చే మనిషి) కావాలి, లక్షలు పోసి ఆన్‌లైన్ కోర్సు చేయాలా?

కోర్సు వద్దు. సర్టిఫికెట్ చూసి ఈ ఉద్యోగానికి పిలిచేవాళ్ళు చాలా తక్కువ. ఆ పైసలు దాచుకుంటే హైదరాబాద్‌లో ఉద్యోగం వెతికే నెలల్లో రూమ్ అద్దెకు పనికొస్తాయి.

ఫ్రెషర్లను నేరుగా తీసుకునే పోస్టును అసోసియేట్ ప్రొడక్ట్ మేనేజర్ అంటారు. గూగుల్ 2002లో మొదలుపెట్టిన పద్ధతి అది. మన దగ్గర ఆ సీట్లే కొన్ని, అవీ ఎక్కువగా పేరున్న క్యాంపస్‌లలోనే నిండిపోతాయి. అప్లై చేయండి, కానీ దాన్నే నమ్ముకొని కూర్చోవద్దు. మహాత్మాగాంధీ యూనివర్సిటీ, పాలమూరు యూనివర్సిటీ కాలేజీల నుంచి వచ్చేవాళ్ళకు ఎక్కువగా కలిసొచ్చేది ఇంకో దారి. సొంత ప్రొడక్ట్ ఉన్న కంపెనీలో కస్టమర్ సపోర్ట్, ఇంప్లిమెంటేషన్, బిజినెస్ అనలిస్ట్, ప్రొడక్ట్ ఆపరేషన్స్ లాంటి పనిలో చేరి, ఏడాదిన్నర రెండేళ్ళకు అదే కంపెనీలో టీమ్ మారడం. సపోర్ట్ పనిని చిన్నచూపు చూడొద్దు. కస్టమర్ ఎక్కడ తిట్టుకుంటున్నాడో రోజూ వినేది వాళ్ళే.

సొంత ప్రొడక్ట్ ఉందో లేదో ఇంటర్వ్యూలోనే తేల్చుకోండి. వేరేవాళ్ళకు సాఫ్ట్‌వేర్ చేసిపెట్టే సర్వీస్ కంపెనీల్లో ప్రొడక్ట్ ఓనర్ అని పేరు పెట్టి, క్లయింట్ చెప్పింది జిరా అనే పనుల చిట్టా సాఫ్ట్‌వేర్‌లో టికెట్లుగా ఎక్కించే పని ఇవ్వడం మామూలే. "ఏ ఫీచర్ ముందు కట్టాలో ఎవరు నిర్ణయిస్తారు?" అని అడగండి, జవాబులోనే తెలిసిపోతుంది. 2023లో నల్గొండలో, మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో ఐటీ టవర్లు తెరిచారు. అక్కడి కంపెనీలనూ ఇదే ప్రశ్న అడగండి.

కోడింగ్ రాదని బెంగ వద్దు. 1931లో ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్‌లో నీల్ మెకెల్‌రాయ్ "బ్రాండ్ మనుషుల" (ఒక్కో బ్రాండ్ బాధ్యత మొత్తం చూసేవాళ్ళ) గురించి రాసిన మెమోనే ఈ వృత్తికి మూలమని చెబుతారు. అంటే పుట్టుకతో ఇది మార్కెటింగ్ వాళ్ళ పనే. కాకపోతే ఇంజినీర్లు మీ పక్కన పనిచేస్తారు, మీ కింద కాదు. ఆర్డర్ వేస్తే పని జరగదు, కారణం చూపిస్తేనే జరుగుతుంది.

ఆ కారణం చూపించగలరని రుజువు చేసే రెండు పేజీల కాగితం ఒకటి మీ దగ్గర ఉండాలి. స్విగ్గీకో జొమాటోకో కొత్త బటన్ గీసి పంపే వాళ్ళు కోకొల్లలు, అవి ఎవరూ చదవరు. మీ జిల్లాలో బోలెడంత సరుకుంది.

మిర్యాలగూడనే తీసుకోండి. కోతల్లో రైస్ మిల్లుల ముందు వడ్ల ట్రాక్టర్ల లైన్ మీకు కొత్త కాదు. ఎవరైనా ముందు "స్లాట్ బుకింగ్ యాప్" అనే రాస్తారు. ముందు ఆ లైన్ ఎందుకు అవుతుందో తవ్వండి. సర్కారు కొనుగోలు కేంద్రంలో వడ్ల తేమ 17 శాతం దాటొద్దు. దానికి ఆరబోయాలి, కల్లం కావాలి, ఆ నాలుగు రోజులూ మబ్బు పడితే గుండె దడ. మిల్లులేమో సన్నవడ్లను పచ్చిగానే కొంటాయి. అందుకే మిషన్ కోసిన వడ్లు చేను మీది నుంచి నేరుగా మిల్లుకు పోతాయి. పచ్చి వడ్లు ట్రాక్టర్‌లో ఎంతసేపు ఉంటే అంత వేడెక్కుతాయి, రంగు మారుతుంది, రేటు పడిపోతుంది.

ఇప్పుడు మీ యాప్ రేపు పొద్దున 10 గంటలకు స్లాట్ ఇచ్చింది, కోత మిషన్ సాయంత్రం వచ్చింది అనుకోండి. ఆ స్లాట్ దండగ. కాబట్టి స్లాట్‌ను ముడిపెట్టాల్సింది మిషన్ వచ్చే టైముకు. ఫోన్‌లో నొక్కేది కూడా రైతే కాకపోవచ్చు, ట్రాక్టర్ డ్రైవర్ కావచ్చు. కొలవాల్సింది డౌన్‌లోడ్లు కాదు, ట్రాక్టర్ లైన్‌లో చేరిన దగ్గర్నుంచి కాంటా ఎక్కేదాకా పట్టిన గంటలు. దాని పక్కనే వాడకుండా పోయిన టోకెన్ల శాతం కూడా పెట్టాలి. లేకపోతే ముందుజాగ్రత్తకు మూడు మిల్లుల్లో టోకెన్ తీసి పెట్టుకుంటారు, మీ లెక్కలో అంతా బ్రహ్మాండంగానే కనిపిస్తుంది.

ఇదంతా తెలియడానికి ఎనిమిది, పది మందితో మాట్లాడితే చాలు. "యాప్ ఉంటే వాడతారా?" అని మాత్రం అడగకండి, మొహమాటానికి అందరూ వాడతామనే అంటారు. "పోయిన కోతల్లో ఏమైందో చేను కాడి నుంచి చెప్పు పెద్దయ్యా" అనండి. మీ మార్కెటింగ్ రీసెర్చ్ పేపర్లోని ఐదు గడుల ప్రశ్నావళి ఇక్కడ అక్కరకు రాదు. ఆపరేషన్స్ రీసెర్చ్‌లో చదివిన క్యూయింగ్ (లైన్ల లెక్క) పాఠం అక్కరకొస్తుంది.

కాగితంలో సమస్య, ఎవరిది, విన్న ఆధారాలు, చూసిన మూడు మార్గాలు, రెండు ఎందుకు వదిలేశారు, ఏం కొలుస్తారు, మొదటి విడతలో ఏం చేయరు అన్నవి రాయండి. ఆ చివరిదే నేనైతే ముందు చదువుతాను.

ఏది ముందు కట్టాలో చెప్పడానికి ఆర్‌ఐసీఈ లెక్క నేర్చుకోండి. ఎంతమందికి అందుతుంది, ఎంత ప్రభావం, ఎంత నమ్మకం అన్నవి గుణించి, పట్టే మనిషి-నెలలతో భాగించాలి. 2,000 మంది, ప్రభావం 1, నమ్మకం 50 శాతం, 2 నెలలు అయితే 500. 600 మంది, ప్రభావం 2, నమ్మకం 80 శాతం, 1 నెల అయితే 960. రెండోదే ముందు. ఈ లెక్క చెడేది నమ్మకం దగ్గరే. ఎవరితోనూ మాట్లాడకుండా 80 వేస్తారు, "ఆ 80 ఎక్కడిది?" అంటే నోరు పెగలదు.

ఎస్‌క్యూఎల్ (డేటాబేస్ పట్టికల నుంచి లెక్కలు లాగే భాష) తప్పదు. సెలెక్ట్, గ్రూప్ బై, జాయిన్లు, ఆ తర్వాత విండో ఫంక్షన్లు. రోజుకు గంట కూర్చుంటే రెండు నెలల పని. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ఉచితం, తెలంగాణ ఓపెన్ డేటా పోర్టల్‌లో ప్రాక్టీస్‌కు పట్టికలు దొరుకుతాయి. ఎక్కువమంది పడే గుంత ఒకటుంది. యాప్ తెరిచినవాళ్ళ పట్టికను కొన్నవాళ్ళ పట్టికతో ఇన్నర్ జాయిన్ చేస్తే రెండింటిలోనూ ఉన్నవాళ్ళే మిగిలి కొననివాళ్ళు మాయమవుతారు, కన్వర్షన్ (తెరిచినవాళ్ళలో కొన్నవాళ్ళ శాతం) 100 శాతం వస్తుంది. అక్కడ కావాల్సింది మొదటి పట్టికలోని అందరినీ ఉంచే లెఫ్ట్ జాయిన్.

ఇంటర్వ్యూలో "ఆర్డర్లు నిన్నటి నుంచి 20 శాతం తగ్గాయి, ఎందుకు?" లాంటి ప్రశ్న దాదాపు ఖాయం. కారణాలు ఊహించడం మొదలుపెట్టకండి. ముందు లెక్క సరిగ్గా వస్తోందా చూడాలి. తర్వాత ఆండ్రాయిడా ఐఫోనా, ఏ ఊళ్ళలో, కొత్త వెర్షన్ వచ్చిందా, పేమెంట్ ఆగిందా, పండగా అని ఒక్కోటి తీసేస్తూ పోవాలి. ఎంబీఏ క్లాసులోని స్వాట్, పోర్టర్ బొమ్మలు ఇక్కడ గీస్తే మార్కులు పోతాయి. మాటలన్నీ ఇంగ్లీషులోనే, కానీ యాస ఎవరూ పట్టించుకోరు. చిన్న వాక్యాలు చాలు.

అప్లై చేసేటప్పుడు ఆ కంపెనీ ప్రొడక్ట్ మేనేజర్లకు లింక్డిన్‌లో నాలుగు వాక్యాల మెసేజ్ పెట్టండి. వాళ్ళ యాప్‌లో మీరు గమనించిన ఒక ఇబ్బంది, అది ఎవరికి వస్తోంది, మీ రెండు పేజీల లింక్, పదిహేను నిమిషాల టైము అడగడం. "ప్లీజ్ రిఫర్ మీ సర్" అంటే జవాబు రాదు. లింక్ పంపేముందు వేరేవాళ్ళ ఫోన్‌లో తెరిచి చూడండి, పర్మిషన్ ఇవ్వని గూగుల్ డాక్ కోసం ఎవరూ రెండోసారి అడగరు.