అత్తమ్మ వాకిలి ఊడ్చే చప్పుడుకు మెలకువ వస్తోంది, సిగ్గుగా ఉంది

ప్రశ్న: నమస్కారం అమ్మా. మాది నల్లగొండ జిల్లా హాలియా దగ్గర ఒక ఊరు. నాకు 36 ఏళ్లు. సాగర్ ఎడమ కాలువ కింద మాకు నాలుగెకరాల పొలం ఉంది. ఈసారి యాసంగి వరి కోసి వడ్లను కొనుగోలు కేంద్రంలో పోశాక కాంటా కావడానికి 23 రోజులు పట్టింది. తేమ 17 శాతానికి దిగేదాకా పగలంతా ఆరబోసిన వడ్లను కాళ్లతో కలియదిప్పుతూ, రాత్రిపూట గాలి లేచినప్పుడల్లా పరుగెత్తి టార్పాలిన్ పట్టాలు కప్పుతూ గడిపాము. నేనూ మా ఆయనా వంతులు వేసుకున్నాము కానీ, వాన భయానికి ఎవరి వంతులోనూ ఎవరికీ కన్ను అంటలేదు. బస్తాలు లారీకెక్కి ఇప్పటికి పది రోజులైంది. పెళ్లయిన నాటి నుంచి తెల్లవారుజామున నాలుగున్నరకే లేచేదాన్ని, ఇప్పుడు ఎనిమిదింటిదాకా లేవలేకపోతున్నాను. మా అత్తమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. కానీ తనే సాన్పి చల్లి, వాకిలి ఊడుస్తున్నది. ఆ చీపురు చప్పుడుకు నాకు మెలకువ వస్తుంది, లేవాలని ఉంటుంది, లేవలేను. కళ్లు మూసుకుని సిగ్గుతో అట్లాగే పడుకుంటాను. మొన్న మా చిన్నపాప వచ్చి నుదురు పట్టి చూసి, "అమ్మా, జ్వరమొచ్చిందా?" అని అడిగింది. మా ఆయన కూడా ఎనిమిదింటిదాకా పడుకుంటున్నారు, ఆయనను ఎవరూ ఏమీ అనుకోరు, నేను కూడా అనుకోను. నేను సోమరిదాన్ని అయిపోతున్నానా? ఈ మధ్య డాబా మెట్లెక్కితే ఆయాసం కూడా వస్తున్నది.

జవాబు: చెల్లెమ్మా, మీ ఉత్తరంలో ఒక వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. "మా ఆయన కూడా ఎనిమిదింటిదాకా పడుకుంటున్నారు, ఆయనను ఎవరూ ఏమీ అనుకోరు, నేను కూడా అనుకోను" అని మీరే రాశారు. ఆ 23 రాత్రులూ ఇద్దరూ ఒకే కుప్ప దగ్గర మేల్కొన్నారు, ఇప్పుడు ఇద్దరూ ఒకే నిద్ర పోతున్నారు. ఆయన నిద్ర అలసట అనిపించుకుంటే మీ నిద్ర సోమరితనం ఎట్లా అవుతుంది? మీరు బాధపడుతున్నది నిద్ర గురించి కాదు. మీరు పడుకున్న వేళకు వాకిట్లో జరగవలసిన పని మీ పని అని ఇల్లంతా అనుకోవడం, అందరికంటే ముందు మీరే అనుకోవడం మిమ్మల్ని బాధపెడుతున్నది. ఈ రెండింటినీ విడదీసి చూస్తే తప్ప మీ ప్రశ్నకు సరైన జవాబు దొరకదు.

ముందు నిద్ర సంగతి చెబుతాను. మనం మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పోగవుతూ ఉంటుంది, నిద్రలో అది తగ్గుతుంది. పెద్దవాళ్లకు రాత్రికి కనీసం 7 గంటల నిద్ర కావాలని వైద్యులు చెబుతారు. మీకు ఆ 23 రోజులూ రాత్రికి నాలుగు గంటలు దొరికి ఉంటాయనుకున్నా రోజుకు మూడు గంటల బాకీ పడినట్టే. అయితే శరీరం వడ్డీ వ్యాపారి లాగా గంటకు గంట లెక్కగట్టి వసూలు చేసుకోదు. 1963 డిసెంబరు చివర మొదలుపెట్టి 1964 జనవరి దాకా అమెరికాలో ఒక హైస్కూలు విద్యార్థి ప్రయోగం కోసం 264 గంటలు, అంటే పదకొండు రోజులు నిద్రపోకుండా ఉండి, ఆ తరువాత మొదటిసారి 14 గంటలకు పైగా నిద్రపోయాడు. పోయిన గంటలన్నీ తిరిగి నిద్రపోవలసిన అవసరం అతనికి రాలేదు. నిద్ర కరువైనప్పుడు శరీరం మొదట గాఢనిద్రను పెంచుకుని ముఖ్యమైన బాకీ తీర్చుకుంటుంది, మిగిలినది కొన్నాళ్లలో సర్దుకుంటుంది. మీరు ఎనిమిదింటిదాకా పడుకోవడం ఆ సర్దుబాటులో భాగమే. చీపురు చప్పుడుకు మెలకువ వచ్చినా ఒళ్లు కదలకపోవడం కూడా మీ తప్పు కాదు, గాఢనిద్రలో ఉండగా మెలకువ వస్తే అరగంట, ఒక్కొక్కసారి గంటసేపు మనిషికి తల, కాళ్లు స్వాధీనంలో ఉండవు. ఆ మగతను సోమరితనం అనుకుని మిమ్మల్ని మీరు తిట్టుకుంటున్నారు.

బారెడు పొద్దెక్కేదాకా పడుకుంటే ఇంట్లో లక్ష్మి నిలవదని మనకు చిన్నప్పటి నుంచి చెప్పారు. ఆ మాటను నేను కొట్టిపారేయను, ఎందుకంటే దాని వెనుక మన నేల అనుభవం ఉంది. ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటే నల్లగొండ, పాలమూరు పల్లెల్లో కూలికి పోయే మనిషి మబ్బుల లేచి, చల్లటి పూటనే సగం పని చేసుకోకపోతే మధ్యాహ్నం ఆ పని కాదు. గొడ్ల దగ్గర పాలు పిండడం, బావి నుంచి నీళ్లు మోయడం, అంబలి కాచడం అన్నీ పొద్దు పొడవక ముందే జరగాలి. అది పని ఉన్న రోజుల కోసం పుట్టిన మాట. యాసంగి వడ్లు అమ్ముడుపోయి, మృగశిర కార్తె వానల కోసం ఎదురుచూస్తున్న ఈ నడిమి రోజుల్లో నాలుగున్నరకు లేచి మీరు పొలంలో చేయవలసిన పని ఏముంది? ఏడాదిలో రైతు ఇంటికి దొరికే కాస్త తెరిపి ఇదే.

ఎక్కువసేపు పడుకున్న ఆడపిల్లను మన ఇళ్లలో "ఊర్మిళాదేవి నిద్ర" అని దెప్పుతారు. ఆ కథను మన పెద్దవాళ్లు ఎట్లా చెప్పుకున్నారో ఒకసారి గుర్తు చేసుకోండి. లక్ష్మణుడు అడవిలో పద్నాలుగేళ్లు కన్ను మూయకుండా అన్నావదినలకు కాపలా కాస్తే, ఆ నిద్రను కూడా ఇక్కడ ఊర్మిళే నిద్రపోయింది. ఆమె నిద్ర వెనుక అంత పెద్ద జాగారం ఉంది. మీ నిద్ర వెనుక కూడా 23 రాత్రుల కాపలా ఉంది, మీ విషయంలో అది కూడా మీరే కాశారు.

నా చిన్నతనంలో మా ఊళ్లో వ్యవసాయ కరెంటు వంతుల వారీగా వచ్చేది, వారంలో సగం రోజులు రాత్రిపూటే ఇచ్చేవారు. 2018 జనవరి 1 నుంచి 24 గంటల కరెంటు ఇచ్చాక పుట్టిన పిల్లలకు ఆ రాత్రులు తెలియవు. మా నాయన టార్చిలైటు పట్టుకుని మోటారు దగ్గరికి పోతే, పాము భయం, షాకు భయం పెట్టుకుని మా అమ్మ గడపలో కూర్చునే ఉండేది. ఆయన చెప్పుల చప్పుడు వినబడితే లేచి నీళ్ల చెంబు అందించేది, అప్పటికి కోడి కూసేది. ఆమె ఎండాకాలంలో పుట్టింటికి వెళ్లినప్పుడు మొదటి రెండు మూడు రోజులు అన్నం తినడానికి తప్ప లేచేది కాదు. మా అమ్మమ్మ ఆ గది తలుపు దగ్గరికి వేసి, మమ్మల్నందరినీ అరుగు మీదికి తోలి, "దాన్ని లేపకుండ్రి, దాని నిద్రంతా ఆడనే మిగిలిపోయింది" అనేది. ఆ మాట అప్పుడు నాకు అర్థం కాలేదు. ఇప్పుడు మీ ఉత్తరం చదువుతుంటే ఆ దగ్గరికి వేసిన తలుపు కళ్ల ముందు కనిపించింది. మా అమ్మకు ఆ నిద్ర పుట్టింట్లోనే దొరికింది, అత్తింట్లో దొరకలేదు. మీకు అత్తింట్లోనే దొరుకుతున్నది, ఎందుకంటే మీ అత్తమ్మ మిమ్మల్ని లేపడం లేదు.

ఆమె మౌనాన్ని మీరు దెప్పిపొడుపుగా చదువుకుంటున్నారు. అది కావచ్చు, కాకపోవచ్చు, కానీ పది రోజులుగా మిమ్మల్ని లేపకుండా తనే వాకిలి ఊడ్చుకుంటున్న మనిషిని అనుమానించే ముందు అడగడం న్యాయం. సాయంత్రం ఇద్దరూ కూరగాయలు తరుగుతూ కూర్చున్నప్పుడు, "అత్తమ్మా, నాకు ఇంకా అలుపు తీరలేదు, ఇంకో వారం పొద్దున వాకిలి నువ్వు చూసుకో, రాత్రి గిన్నెలన్నీ నేను, ఆయన కలిసి తోముతాం" అని చెప్పి చూడండి. ఆ మాటలో మీ ఆయనను కలపడం మరిచిపోకండి. ఇన్నాళ్లూ వరి కుప్ప దగ్గర వంతులు వేసుకున్నవాళ్లకు ఇంటి దగ్గర వంతులు వేసుకోవడం కష్టం కాకూడదు. మీ పాపకు కూడా జ్వరం లేదని, అమ్మకు నిద్ర సరిపోలేదని ఉన్నమాట చెప్పండి. అలసిన ఆడమనిషి జబ్బు పడకుండానే పడుకోవచ్చునని ఆ పిల్లకు ఇప్పటి నుంచే తెలియాలి.

ఇక మీరు చివరలో ఒక్క ముక్కతో వదిలేసిన ఆయాసం. దాన్ని మాత్రం నేను వదలలేను. మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతున్నది. రక్తం తక్కువగా ఉన్నా, థైరాయిడ్ మందగించినా ఎంత పడుకున్నా నిద్ర తీరనట్టు ఉంటుంది, మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. బాకీ తీర్చుకునే నిద్రకు, జబ్బు వల్ల వచ్చే నిద్రకు తేడా ఇట్లా తెలుస్తుంది: మొదటి రకమైతే రోజు రోజుకూ లేచే వేళ ముందుకు జరుగుతుంది, లేచాక మధ్యాహ్నానికి ఒళ్లు తేలికపడుతుంది. రెండో రకంలో వారాలు గడిచినా మార్పు ఉండదు. మీకు ఆయాసం ఉంది కాబట్టి ఆగి చూడవద్దు, ఈ వారమే దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లి హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు అడగండి. హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువ ఉంటే రక్తహీనత ఉన్నట్టే. ఐరన్ మాత్రలు ఇస్తే వాటిని చాయ్‌తో గాని, చాయ్ తాగిన వెంటనే గాని వేసుకోకండి, చాయ్ ఆ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. భర్త గురక గట్టిగా పెడుతూ నడిమధ్యలో ఊపిరి ఆగినట్టు ఉలిక్కిపడుతుంటే ఆయనకూ డాక్టర్‌ను చూపించాలి. నిద్రతో పాటు దేని మీదా మనసు లేకపోవడం, ఊరికే ఏడుపు రావడం ఉంటే 14416 నంబరుకు ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలి మానస్ సేవ, ఫోన్ ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఒళ్లు కుదుటపడ్డాక ఒక్కసారిగా నాలుగున్నరకు దూకకుండా, రెండు మూడు రోజులకు ఒక పావుగంట చొప్పున ముందుకు జరుపుకోండి. లేవగానే పొద్దుటి వెలుతురులో కాసేపు వాకిట్లో కూర్చోండి. నాలుగున్నరకే లేవడం మళ్లీ అలవాటు చేసుకున్నప్పుడు రాత్రి తొమ్మిదిన్నరకు పడుకోవడం కూడా అలవాటు చేసుకోవాలి, లేకపోతే ఈ బాకీ వానాకాలం నాట్లలోనే మళ్లీ మొదలవుతుంది.

ప్రశ్న: నేను జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లో ఒక మందుల కంపెనీలో పనిచేస్తున్నాను. వయసు 24. నైట్ షిఫ్ట్ చేసి పొద్దున ఇంటికి వస్తే పన్నెండింటికే మెలకువ వస్తుంది. సెలవు నాడు మాత్రం పదకొండు గంటలు పడుకుంటాను. మా బాపు "పొద్దంత పండుకునుడేనారా?" అంటారు. నాకూ తప్పు చేస్తున్నట్టే ఉంటుంది.

జవాబు: తమ్ముడూ, మీరు పగలు నాలుగు గంటలే నిద్రపోతున్నారు, కాబట్టి సెలవు నాటి పదకొండు గంటలు దుబారా కాదు. మన శరీరంలో వెలుతురును బట్టి నడిచే గడియారం ఒకటి ఉంది. అది లోపల ఎట్లా పనిచేస్తుందో కనిపెట్టినందుకే 2017లో ముగ్గురు శాస్త్రవేత్తలకు వైద్యంలో నోబెల్ బహుమతి ఇచ్చారు. ఎండ ఎక్కేకొద్దీ ఆ గడియారం మిమ్మల్ని లేపేస్తుంది, అందుకే పగటి నిద్ర తెగిపోతుంది. కిటికీకి నల్లటి మందపాటి దుప్పటి కట్టండి, ఫోన్ ఇంకో గదిలో పెట్టండి, షిఫ్టులో రాత్రి రెండు గంటలు దాటాక చాయ్ మానేయండి. పన్నెండింటికి మెలకువ వస్తే సాయంత్రం డ్యూటీకి ముందు ఇంకో గంటన్నర పడుకోండి.

మీ బాపు కూడా ఒకప్పుడు రాత్రి కరెంటు కోసం బోరు దగ్గర మేల్కొని, పగలు చింతచెట్టు కింద కునుకు తీసే ఉంటారు. ఆ రోజుల సంగతి ఆయననే అడగండి, తరువాత మీ డ్యూటీ చార్టు గోడ మీద క్యాలెండర్ పక్కన అంటించండి. ఏ రోజు మీది రాత్రి పనో ఆయన కళ్లతో చూసుకుంటారు.

ఒక్కటి మాత్రం నాకు మాట ఇవ్వండి. షిఫ్ట్ అయిపోయాక కళ్లు మూతలు పడుతుంటే 44వ నంబరు జాతీయ రహదారి మీదికి బైకు తీయకండి. క్యాంటీన్ బల్ల మీద తల వాల్చి ఇరవై నిమిషాలు పడుకుని, ముఖం కడుక్కుని, పూర్తిగా తేరుకున్నాక బయలుదేరండి. ఆ రోజు ఇంటికి ఆలస్యమవుతుందని బాపుకు ఒక ఫోన్ చేస్తే చాలు.