రాఫెల్ పేరు చెప్పి ఫీజు అడుగుతున్నారా?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ. నేవీకి ఓడ మీంచి ఎగిరే రాఫెల్ మెరైన్ యుద్ధ విమానాలు వస్తున్నాయి, వాటి మెయింటెనెన్స్, స్పేర్ పార్ట్స్‌లో ఉద్యోగం ఖాయమంటూ ఒక ప్రైవేటు సంస్థ ఏఎంఈ (విమానాల మెయింటెనెన్స్ ఇంజనీరింగ్) కోర్సులో చేరమంటోంది. వాడికి ఇష్టమే. బీటెక్ మానేస్తే ‘మెకానిక్’ అంటారేమోనని మా భయం. ఏది మేలు?
– ఒక తండ్రి, అనకాపల్లి

జవాబు: ఫీజు ఇంకా కట్టకపోతే ఆగండి. 2025 ఏప్రిల్‌లో ఫ్రాన్స్‌తో ఒప్పందం కుదిరింది 26 విమానాలకు. ఆ 26 పేరు చెప్పి ఎన్ని వందల సీట్లు నింపుతారో మీరే లెక్కేసుకోండి. పైగా ఏఎంఈ లైసెన్సు పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఇచ్చేది, పౌర విమానాలకు. ఎయిర్‌లైన్స్‌కి వెళ్లాలనుకుంటే అది మంచి చదువే. యుద్ధ విమానాల పని మాత్రం నేవీ సొంత మనుషులదే. జేఈఈ ర్యాంకు, ఎస్ఎస్‌బీ (సైన్యం ఎంపిక ఇంటర్వ్యూ) దాటి కేరళలోని ఎళిమల నేవీ అకాడమీలో బీటెక్ క్యాడెట్‌గా చేరొచ్చు, ఖర్చు నేవీదే. అగ్నివీర్ దారీ ఉంది, కానీ నాలుగేళ్ల తర్వాత ఉంచుకునేది నూటికి పాతిక మందినే.

స్పేర్ల పని చిన్నదేం కాదు. 2016 కాగ్ నివేదిక చూడండి. నేవీ ఓడల మీంచి ఎగిరే మిగ్-29కె యుద్ధ విమానాల్లో ఎగరడానికి సిద్ధంగా ఉన్నవి ఒక దశలో 16 శాతం లోపే, బాగా ఉన్నప్పుడూ 38 దాటలేదు. డిజైన్ లోపాలతో 40 ఇంజన్లు పక్కన పెట్టారు. ఓడ మీద దిగడమంటే కొక్కెంతో తీగను పట్టుకుని దబ్బున ఆగడం, ఆపైన ఉప్పుగాలి. విమానాలు లేచే ముందు సిబ్బంది వరసగా డెక్కంతా నడుస్తూ నట్టో, తీగ ముక్కో ఉంటే ఏరేస్తారు. అది ఇంజన్‌లోకి పోతే అంతే సంగతులు. మీరు చిన్నచూపు చూస్తున్న మెకానిక్ ఆ వరసలో ఉంటాడు. చుట్టాల మాటకి పిల్లాడి చదువు తూకం వేయకండి, దయచేసి.

రాఫెల్‌కి వాడే ఎం88 ఇంజన్ల మరమ్మతు కేంద్రానికి హైదరాబాద్‌లో 2025 నవంబరులో శంకుస్థాపన జరిగింది. అలాంటి చోట మామూలు మెకానికల్ బీటెక్, డిప్లొమా పిల్లలకూ దారి దొరుకుతుందని నా అంచనా. కాబట్టి టెన్షన్ వద్దు, బీటెక్‌లో చేరినా ఈ తలుపు మూసుకుపోదు. జేఈఈ ఎలాగూ రాస్తాడుగా, ఆ ర్యాంకుతోనే నేవీకీ దరఖాస్తు పెట్టించండి.

ఈలోగా ఓ ఆదివారం విశాఖ ఆర్కే బీచ్‌లో నేవీ పాత నిఘా విమానం టీయూ-142 మ్యూజియానికి తీసుకెళ్లండి. అది ఓడ మీద దిగే రకం కాదులెండి. సెల్ఫీతో సరిపెడతాడో, చక్రాల దగ్గర వంగి పైకి తొంగి చూస్తాడో మీరు గమనించండి.