ఇల్లు మారినా పాత చిరునామా పలకాలి

నలుగురూ కలిసి రాసుకునే పాత సైట్లను తిరగరాసి మళ్లీ తెరవడం గురించి ఈసారి సీమ పాఠకులు అడిగారు. జవాబులు కొన్ని పొడుగయ్యాయి. అవసరమైన చోట కుదించలేదు.

ప్రశ్న: పాతికమందిమి కలిసి పదిహేనేళ్లుగా నడుపుతున్న సైటు మాది. కొత్త సర్వర్‌కి మారిస్తే కొన్ని రచనలు గళ్లుగా, కొన్ని ప్రశ్నార్థకాలుగా, కొన్ని ఏవో వింత ఇంగ్లీషు అక్షరాలుగా కనిపిస్తున్నాయి. అన్నింటికీ ఒకే మందు ఉందా? (ప్రొద్దుటూరు)

జవాబు: లేదండీ. అవి వేర్వేరు జబ్బులు. ముందు ఏది ఏదో పోల్చుకోవాలి.

ఖాళీ గళ్లు కనిపిస్తే భయం లేదు. అక్షరం క్షేమంగానే ఉంది, చూపించే ఫాంటు లేదంతే.

నెత్తిన గీత ఉన్న ఇంగ్లీషు 'ఏ', దాని పక్కన డిగ్రీ గుర్తో ప్లస్-మైనస్ గుర్తో పదేపదే వస్తుంటే, అది యూటీఎఫ్-8 (అన్ని లిపులనూ బైట్లుగా దాచే పద్ధతి) తెలుగును డేటాబేస్ లాటిన్-1 (పశ్చిమ ఐరోపా అక్షరాలకే సరిపోయే పాత పద్ధతి) అనుకుని చదవడం. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు సంకేతానికీ మూడు బైట్లు. మొదటి బైటు ఎప్పుడూ ఒకటే, రెండోది రెండింటిలో ఒకటి. అందుకే ఆ జంట అన్ని చోట్లా కనిపిస్తుంది. ఇది పూర్తిగా బాగవుతుంది. కానీ చాలామంది ఇక్కడే తొందరపడి టేబుల్‌ని నేరుగా యూటీఎఫ్8ఎంబీ4 (నాలుగు బైట్ల దాకా పట్టే యూటీఎఫ్-8) రకానికి 'కన్వర్ట్' చేస్తారు. అప్పుడు తప్పు మీద తప్పు పడి రెండు పొరల చిక్కవుతుంది. ఆ కాలమ్‌ను ముందు బైనరీ (ఉత్త బైట్ల) రకానికి మార్చి, ఆ తర్వాతే యూటీఎఫ్8ఎంబీ4కి మార్చండి. మధ్యలో బైనరీ ఉంటే డేటాబేస్ తన తెలివి చూపించదు, బైట్లను ఉన్నవి ఉన్నట్టే ఉంచుతుంది. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లో మామూలు 'యూటీఎఫ్8' కూడా తెలుగుకు సరిపోతుంది. కానీ ఎవరైనా ఎమోజీ పెడితే దానికి నాలుగు బైట్లు కావాలి, అక్కడ దెబ్బతింటుంది. పాత మైఎస్‌క్యూఎల్ అయితే ఇండెక్స్ (త్వరగా వెతకడానికి ఉంచుకునే సూచిక) 767 బైట్లు దాటకూడదని మొరాయిస్తుంది. ఇండెక్స్ ఉన్న కాలమ్ పొడవు 255 నుంచి 191కి తగ్గిస్తే ఒప్పుకుంటుంది.

వరసగా ప్రశ్నార్థకాలే ఉంటే మాత్రం అక్షరం పోయినట్టే. మార్పిడిలో ఎక్కడో తెలుగు పట్టని కాలమ్‌లో పడి, డేటాబేస్ దాని స్థానంలో ప్రశ్నార్థకం రాసేసుకుంది. పాత బ్యాకప్ నుంచి తెచ్చుకోవడమే దారి. అందుకే కొత్త సైటు నిలదొక్కుకునేదాకా పాత సర్వర్‌ను రద్దు చేయకండి.

ఇక అచ్చంగా కీబోర్డు మీది ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా ఉంటే అది అను లాంటి పాత ఫాంట్లలో కొట్టిన మేటరు. దాన్ని యూనికోడ్‌కి (అన్ని లిపులకూ ఉమ్మడి సంకేతాల పద్ధతి) మార్చే పనిముట్లున్నాయి. కాకపోతే మధ్యలో నిజంగా ఇంగ్లీషులో ఉన్న మాటలు కూడా తెలుగు గజిబిజిగా మారతాయి, వొత్తులు అక్కడక్కడ తప్పు చోట పడతాయి. మార్చాక ఒక మనిషి కూర్చుని చదవక తప్పదు.

ప్రశ్న: కొత్త సైటు తెరిచాక గూగుల్ నుంచి వచ్చేవాళ్లకు 'పేజీ లేదు' అని వస్తోంది. అన్ని పాత లింకులనూ మొదటి పేజీకి మళ్లించమంటున్నాడు మా వెబ్ కుర్రాడు. సరేననమంటారా? (కర్నూలు)

జవాబు: వద్దు. ఒక కవిత కోసం వచ్చిన మనిషిని వాకిట్లో నిలబెట్టి వెళ్లిపోవడమే అది. గూగుల్ కూడా అలాంటి మళ్లింపును 'పేజీ లేదు' కిందే లెక్కకడుతుంది. ఏ రచన పాత చిరునామా ఆ రచన కొత్త చిరునామాకే వెళ్లాలి. అదీ 301 మళ్లింపుతో, అంటే శాశ్వతం అని చెప్పేదానితో. 302 అంటే తాత్కాలికం అని అర్థం.

మీ దాంట్లో ఇంకో చిక్కు ఉండి ఉంటుంది. తెలుగు శీర్షికనే చిరునామాగా వాడే సైట్లలో ఒక్కో తెలుగు సంకేతం తొమ్మిది స్థానాలు తింటుంది. మూడు బైట్లు, ఒక్కో బైటుకు శాతం గుర్తూ రెండు అంకెలూ. వర్డ్‌ప్రెస్‌లో (సైట్లు నడిపే సాఫ్ట్‌వేర్) ఈ భాగానికి 200 స్థానాలే హద్దు. అంటే సుమారు 22 సంకేతాలు. గుణింతం గుర్తు, సున్నా, పొల్లు అన్నీ విడివిడి సంకేతాలే. 'కర్నూలు కొండారెడ్డి బురుజు' అని శీర్షిక పెట్టి చూడండి. కర్నూలుకు 7, కొండారెడ్డికి 11, బురుజుకు 6, మొత్తం 24. రెండు గీతలతో కలిపి 218 స్థానాలు కావాలి. 200 దగ్గర కత్తెర పడి చిరునామా 'కర్నూలు-కొండారెడ్డి-బురు' దగ్గర ఆగిపోతుంది. పాత సాఫ్ట్‌వేర్ ఒకచోట కోసి, కొత్తది ఇంకోచోట కోస్తే రెండు చిరునామాలూ కలవవు. అందుకని శీర్షికల్ని బట్టి మళ్లింపుల పట్టిక తయారు చేయకండి. నిజంగా జనం వాడిన చిరునామాల నుంచి చేయండి. అవి పాత సైట్‌మ్యాప్‌లో (సైటు పేజీల జాబితా), సర్వర్ లాగ్‌లో (ఎవరు ఏ పేజీ అడిగారో రాసుకునే చిట్టా), గూగుల్ వాళ్ల సెర్చ్ కన్సోల్‌లో దొరుకుతాయి. సెర్చ్ కన్సోల్ వెతుకులాట లెక్కల్ని 16 నెలల వరకే దాస్తుంది, కాబట్టి ముందే దించుకోండి. ఒక షీటులో ఎడమ పాతది, కుడి కొత్తది. ఎక్కువ మంది చదివే రెండు వందల రచనల్ని చేత్తో సరిచూడండి.

మళ్లింపు నియమాలు రాసేటప్పుడు జరిగే పొరపాటు ఒకటుంది. శాతం గుర్తులతో ఉన్న పొడవాటి చిరునామాను అలాగే కాపీ చేసి అపాచీ (పేజీల్ని అందించే సర్వర్ సాఫ్ట్‌వేర్) నియమంలో పెడతారు. అపాచీ ఆ సంకేతాల్ని విప్పాకే పోల్చి చూస్తుంది, కాబట్టి ఆ నియమం ఎన్నటికీ తగలదు. ఫైలును యూటీఎఫ్-8లో దాచి, పాత దారిని తెలుగు అక్షరాల్లోనే రాయండి. కొత్త రచనలకు 'కొండారెడ్డి బురుజు'ను ఇంగ్లీషు లిపిలో పొట్టిగా రాసి, చివర ఒక అంకె తగిలిస్తే ఈ బాధే ఉండదు.

ఈ మళ్లింపుల్ని కనీసం ఏడాది ఉంచమని గూగుల్ చెబుతుంది. ఎప్పటికీ ఉంచమని మేం చెబుతాం. పాత పుస్తకాల్లో అచ్చయిన లింకులకు గడువు ఉండదు కదా.

ప్రశ్న: కొత్త రూపానికి ఏ ఫాంటు బాగుంటుంది? (అనంతపురం)

జవాబు: చదివే మేటరుకు నోటో సాన్స్ తెలుగు, శీర్షికలకు రామభద్ర. రెండూ ఉచితమే. మండలి కూడా అందమైనదే కానీ అందులో ఒకే మందం ఉంది. బోల్డ్ పెడితే బ్రౌజర్ తనంతట తాను పులిమేస్తుంది, అక్షరాల్లోని బొక్కలు పూడిపోతాయి. వాలు అక్షరాలు తెలుగుకు అసలు వద్దు.

వరసల ఎడం ఇంగ్లీషు డిజైన్లలో అక్షరం సైజుకు సుమారు 1.4 రెట్లు ఉంటుంది. తెలుగుకు 1.7 ఇవ్వండి. 'స్త్రీ', 'రాష్ట్రం', 'జ్యోత్స్న' అని కింద కింద వరసల్లో కొట్టి చవక ఫోన్‌లో చూడండి. పై వరస వొత్తు కింది వరస గుడిని తాకకూడదు. అక్షరాల మధ్య ఎడం సున్నాగా ఉంచండి. ఫాంటు సైజు తగ్గించే కొన్ని పనిముట్లు అక్షరాల్ని కలిపే సూచనల్ని కూడా కోసేస్తాయి. అప్పుడు 'స్త్రీ' కాస్తా పొల్లులతో విడివిడిగా నిలబడుతుంది.

ప్రశ్న: రచనల్ని జిల్లాల వారీగా పెట్టుకున్నాం. ఇప్పుడు మా ఊరి కథలు ఏ జిల్లా కింద? పనిలో పనిగా పాత రచనల్లో యాస మాటల్ని కంప్యూటర్‌తో సరిదిద్దించమంటారా? (కదిరి)

జవాబు: 2022 ఏప్రిల్ 4న జిల్లాలు 13 నుంచి 26 అయ్యాయి. కదిరి, హిందూపురం శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లాయి. ఆళ్లగడ్డ కర్నూలు నుంచి నంద్యాలలోకి. జిల్లా గీతలు ప్రభుత్వం చేతిలోవి, ఊరి పేరు మీది. రచనకు ఊరి పేరునే గుర్తుగా పెట్టండి. ఊరికీ జిల్లాకీ సంబంధం వేరే చిన్న పట్టికలో ఉంచితే రేపు మళ్లీ మారినా ఒక్క వరస దిద్దితే చాలు.

యాసను మాత్రం ముట్టుకోవద్దు, దయచేసి. 'యాడికి' అన్న చోటల్లా 'ఎక్కడికి' అని మార్చమంటే, తాడిపత్రి పక్కనున్న యాడికి అనే ఊరు పేరు కూడా ఎగిరిపోతుంది. అంతకన్నా ముఖ్యం, అది రాసినవాళ్ల నోటి మాట. వెతికేవాళ్లకు సాయం చేయాలనుకుంటే వెతుకులాట కోసం వేరే కాలమ్ పెట్టి అందులో మార్పులు చేసుకోండి. 'సాఫ్ట్‌వేర్' లాంటి మాటల్లో కంటికి కనబడని విడదీత గుర్తు ఉంటుంది. యూనికోడ్‌లో దాని సంఖ్య 200సి. కొందరు దాంతో కొడతారు, కొందరు లేకుండా. యంత్రానికి ఆ రెండూ వేర్వేరు మాటలు. వెతుకులాట కాలమ్‌లో దాన్ని తీసేయండి. పాఠకుడు టైపు చేసిన మాటలోంచి కూడా తీసేసి పోల్చండి.

ప్రశ్న: పన్నెండు వందల మంది సభ్యులు. సగం మంది ఏళ్లుగా రావడం లేదు, కొందరు చనిపోయారు. ఆ ఖాతాలు తీసేసి శుభ్రం చేయవచ్చా? (కడప)

జవాబు: ఖాతాను మూయవచ్చు, తొలగించకూడదు. వర్డ్‌ప్రెస్‌లో సభ్యుణ్ని తొలగించేటప్పుడు రచనల్ని కూడా తీసేయాలా, వేరొకరికి అంటగట్టాలా అని అడుగుతుంది. మొదటిది నొక్కితే పదేళ్ల రాత పోతుంది. రెండోది నొక్కితే ఆ మనిషి కథల కింద నిర్వాహకుడి పేరు పడుతుంది. రెండూ అన్యాయమే. పాస్‌వర్డ్ మార్చి, మెయిల్ ఆపి, పేరూ రచనలూ అలాగే ఉంచండి. రచన మీద హక్కు రాసినవారిది, వారి తర్వాత 60 ఏళ్లు వారసులది. అచ్చు పుస్తకం వేయాలంటే ఇంటివాళ్లను అడగాలి.

మిగతావాళ్లకు కొత్త పాస్‌వర్డ్ లింకు పంపేటప్పుడు పన్నెండు వందల మెయిళ్లూ ఒక్క గంటలో కొట్టకండి, స్పామ్‌లో పడతాయి. ఎస్పీఎఫ్, డీకిమ్ (మెయిల్ నిజంగా మీ దగ్గర్నుంచే వచ్చిందని చూపే ఏర్పాట్లు) సరిచూసుకుని రోజుకు నూటయాభై చొప్పున పంపండి.

ప్రశ్న: ఉగాదికి తెరుద్దామనుకుంటున్నాం. ఆ రోజు ఏం చూసుకోవాలి? (నంద్యాల)

జవాబు: పండగ రోజున ఊళ్లో అందరికీ చెప్పుకోండి, కానీ సైటును మూడు రోజుల ముందే మార్చేయండి. పండగనాడు ఏదైనా విరిగితే హోస్టింగ్ వాళ్లు ఫోనెత్తరు. మార్చడానికి రెండు రోజుల ముందు డీఎన్ఎస్ గడువును (మీ సైటు ఏ సర్వర్‌లో ఉందో ఇతర యంత్రాలు గుర్తుంచుకునే సమయం) 86,400 సెకన్ల నుంచి 300కి తగ్గించండి. మార్పు మొదలయ్యాక పాత సైటులో కొత్త రచనలు రాయకుండా ఆపండి. లేకపోతే ఆ కాసేపట్లో ఎవరో పెట్టిన కథ పాత సర్వర్‌లోనే ఉండిపోతుంది. పరీక్షా కాపీకి పెట్టిన 'సెర్చ్ ఇంజన్లు రావద్దు' అన్న టిక్కు తీశారా అని ఇద్దరు విడివిడిగా చూడండి. అది మరిచిపోతే సైటు బాగానే కనిపిస్తుంది, గూగుల్‌లోంచి మాత్రం వారాల్లో మాయమవుతుంది. ఆ తర్వాత నెల రోజులు రోజూ పొద్దున్నే 404ల ('పేజీ లేదు' అన్న జవాబుల) లాగ్ తెరిచి, ఎవరు ఏ పాత చిరునామా అడిగి వెనక్కి వెళ్లారో చూసి, ఒక్కొక్కటే పట్టికలో చేర్చుకుంటూ పోండి.