సమాధానం: తెరచాప ఎత్తితేనే నావలోకి నీరు వస్తోంది
కోరంగి పాయలో రేవుకు కట్టి ఉంచితే చుక్క నీరు లేదు, చాప ఎత్తి అరగంట నడిపితే బెత్తెడు నీరు చేరుతోంది అన్నారు కదండీ. అయితే అడుగు పలకల జోలికి పోకండి, అవి నానే ఉన్నాయి. ఎండి అతుకులు విడిచింది పైవరుసల పలకలు. గాలికి నావ ఒరిగితేనే అవి మునుగుతాయి.

రేవులోనే తేల్చుకోవచ్చు. చాప దించి, బరువంతా ఒక పక్కకు జరిపి ఒరిగించండి. కారితే పైఅతుకులే. కారకపోతే తెరచాప స్తంభం మొదలు చూడండి. గాలి ఒత్తిడికి అది కిందికి నొక్కి అడుగు దూలం పక్క అతుకును తెరుస్తుంది. అది వడ్రంగికి వదిలేయాల్సిన పని.

పైఅతుకులకు తడి గోనెలు కప్పి 3, 4 రోజులు తడుపుతూ ఉండండి. ఉప్పునీరే నయం, మంచినీటికి కర్ర తొందరగా కుళ్లుతుంది. చాలా అతుకులు వాటంతటవే మూసుకుంటాయి. బాగా ఎండిన పలకల సందుల్లో దూది బిగించి కొట్టారో, తర్వాత పలకలు ఉబ్బి మేకుల్ని లాగేస్తాయి. ఎక్కువమంది చెడగొట్టేది ఇక్కడే.

ఇంకా కారేవాటికి సుద్దతో గుర్తు పెట్టి, పైతడి నీడన ఆరనిచ్చి, పాత దూది గీకేసి, పేనిన కొత్త దూదిని మొద్దు ఉలితో దిగగొట్టండి. పైన గుగ్గిలం, నూనె కాచి పూయాలి. చల్లని చెక్క మీద చుక్క వేస్తే పగలకూడదు, పగిలితే నూనె తక్కువైనట్టు. గుగ్గిలానికి ఇట్టే మంట అంటుకుంటుంది, పక్కన ఇసుక ఉంచుకోండి.

మొదటిసారి పోటు (సముద్రపు నీరు పాయలోకి ఎక్కే వేళ) మీద ఎగువకు పోండి. నావలోకి మళ్లీ నీరు వచ్చినా పాటు (ఆ నీరు వెనక్కి తీసే వేళ) మిమ్మల్ని రేవుకు చేరుస్తుంది.