వంశధార ఒడ్డున మా తోట: కథ ఎక్కడ మొదలెట్టాలి?

ప్రశ్న: కాశీనగరం దగ్గర వంశధార ఒడ్డున మాకు తాతల నాటి కొబ్బరి, మామిడి తోట ఉంది. దాని చరిత్ర రాసి పిల్లలకివ్వాలని నా ఆశ. ట్రంకుపెట్టెలో పాత కాగితాలు దొరికాయి గానీ అంతా అక్షరాలు ఒకదానికొకటి కలిపేసే గొలుసుకట్టు రాత, నాకే సగం అర్థం కాలేదు, ఒడియా మీడియంలో చదివిన మా పిల్లల సంగతి చెప్పక్కర్లేదు. ఒక దస్తావేజులో గంజాం జిల్లా అని ఉంది, మాదేమో గజపతి జిల్లా. శిస్తు రసీదు మీద ఫసలీ 1345 అని ఉంది. ఇవి మావేనా అని టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, గజపతి జిల్లా

జవాబు: మీవేనమ్మా, కంగారు పడకండి. గజపతి జిల్లా గంజాం నుంచి విడిపోయింది 1992లోనే కదా, పాత కాగితంలో గంజాం అనే ఉంటుంది. ఇక ఫసలీ అంటే పాత శిస్తు లెక్కల సంవత్సరం, దానికి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. 1345 అంటే 1935 జులై నుంచి 1936 జూన్ దాకా. ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది 1936 ఏప్రిల్ 1న. అంటే ఆ ఫసలీ మొదలైనప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న మీ తోట, అదే ఫసలీ ముగిసేసరికి ఒరిస్సాలో ఉంది! మీ కథ ఆ రసీదుతోనే మొదలెట్టండి, నేనైతే అదే చేస్తాను.

తర్వాత దస్తావేజులో చెక్కుబందీ, అంటే నాలుగు వైపులా హద్దుల వివరం, చూడండి. ఒక హద్దు ‘ఏరు’ అని ఉంటే, అక్కణ్ణుంచి ఏరు ఇప్పుడెంత జరిగిందో నడిచి చూసి, 1980 వరదకి ఏ వరస చెట్లు పోయాయో, 2018లో తిత్లీ తుఫానుకి ఏవి పడ్డాయో ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి రాసుకోండి. జమీందారీ కాలంలో శిస్తు ఎవరికి కట్టారో, 1951 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత ఎవరికి కట్టారో రసీదులే చెబుతాయి.

ఖర్చు పుస్తకాలుంటే మాత్రం తొందరపడకండి. ఇంటిపేరు లేకుండా ఒట్టి పేరు, పక్కన ఇన్ని కుంచాల ధాన్యం అని ఉంటుంది చూడండి, వాళ్ళు మీ కంబార్లు, అంటే తోటలో పనిచేసిన పాలేర్లు. ఏతాం తొక్కి ఆ మొక్కల్ని బతికించింది వాళ్ళే. వాళ్ళ మనవలు ఆ చుట్టుపక్కలే ఉంటే వెళ్ళి కూర్చుని మాట్లాడండి, వాళ్ళు చెప్పేది వాళ్ళ పేర్లతోనే రాయండి.

కాగితాలకి లామినేషన్ వద్దు, టేపు అసలే వద్దు. కిటికీ వెలుతురులో ఫొటోలు తీసి, గొలుసుకట్టు చదవగలిగే పాత లేఖరి ఎవరైనా ఉంటే ఈ నెల్లోనే చదివించుకోండి, వాళ్ళిప్పుడు చాలా తక్కువమంది. చదివేటప్పుడు ఫోన్‌లో రికార్డు పెట్టి, పక్కన మీ పిల్లల్ని కూర్చోబెట్టండి.